మంచం పక్కన చెంబు

ఈ రోజు మనం రక్తపరీక్ష కాగితంలో కనిపించే ఒక అంకె గురించి మాట్లాడుకుందాం. సీరమ్ ఎలక్ట్రోలైట్స్ అనే పరీక్ష చేయించినప్పుడు సాధారణంగా మొదటి వరుసలో ఉండే పేరు సోడియం. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పక్కన ‘హెచ్’ అనే అక్షరం పడిందంటే మాత్రం ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. ఉండవలసినదానికన్నా ఎక్కువ ఉందని ఆ అక్షరానికి అర్థం. అది చూసిన చాలామంది నన్ను అడిగే మాట ఒకటే. "డాక్టరుగారూ, ఉప్పు ఎక్కువైందాండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ ప్రసంగం.

నిరుడు మే నెలలో ఒక మధ్యాహ్నం మా ఆసుపత్రికి ఒక పెద్దావిడను తీసుకొచ్చారు. వయసు 78. రెండు రోజులుగా మగతగా ఉంటున్నారని, పిలిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసేస్తున్నారని, మనవణ్ణి కూడా పోల్చుకోలేదని కొడుకు చెప్పాడు. నాలుక చూస్తే ఎండిన చింతపండు తొక్కులా ఉంది. పరీక్షలో సోడియం 162 వచ్చింది.

ఆ మాట చెప్పగానే కోడలికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "బీపీ ఉందని మూడు నెలల నుంచి అత్తయ్యకు చప్పిడి కూరలే పెడుతున్నానండీ. ఆవకాయ కంటికి కూడా చూపించడం లేదు. ఉప్పు ఎలా పెరుగుతుందండీ?"

"రోజుకు నీళ్ళు ఎన్ని తాగుతున్నారమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి గుర్తుచేసుకుంటూ చెప్పింది. పొద్దున్నే కాఫీ. మాత్రలు వేసుకునేటప్పుడు రెండు గుక్కలు. మధ్యాహ్నం అన్నంలోకి కొంచెం మజ్జిగ. నీళ్ళు తాగితే రాత్రి లేవాలి, లేస్తే ఎక్కడ పడిపోతానో అని పెద్దావిడే తగ్గించేసుకున్నారట. నీళ్ళ బిందె వంటింటి గట్టు మీద. ఆవిడ మంచం వసారాలో. అంతకు వారం కిందట నాలుగు రోజులు జ్వరం వచ్చింది. బయట ఎండ మండిపోతోంది.

ఆ ఇంట్లో ఉప్పు పెరగలేదండీ. ఆవిడ ఒంట్లో నీళ్ళు తగ్గిపోయాయి.

ఇది అర్థం కావాలంటే మన వంటింట్లోకే వెళ్ళాలి. పొయ్యి మీద చారు పెట్టి, దించడం మరిచిపోయారనుకోండి. మరిగి మరిగి సగానికి ఇగిరిపోతుంది. నోట్లో వేసుకుంటే ఉప్పు కషాయం. ఎవరైనా మళ్ళీ ఉప్పు వేశారా? లేదు. వేసిన ఉప్పు వేసినంతే ఉంది, నీళ్ళు ఆవిరైపోయాయి. రక్తంలో సోడియం అంకె కూడా సరిగ్గా ఇలాంటిదే. ఒంట్లో మొత్తం ఎంత ఉప్పు ఉందో ఆ అంకె చెప్పదు. ఉన్న నీటికి ఉప్పు ఏ పాళ్ళలో ఉందో మాత్రమే చెబుతుంది. ఎక్కువమంది రోగుల్లో ఆ అంకె పెరగడానికి కారణం నీళ్ళు తక్కువ కావడమే.

ఇప్పుడు అంకెలు చూద్దాం. కాగితం దగ్గరుంటే రాసుకోండి. రక్తంలో సోడియం ఉండవలసింది లీటరుకు 135 నుంచి 145 దాకా. మిల్లీమోల్స్ అని రాసినా, మిల్లీ ఈక్వివలెంట్స్ అని రాసినా సోడియం విషయంలో రెండూ ఒకటే. 145 దాటితే ఎక్కువ అంటాం. వైద్యులు దీన్నే హైపర్‌నేట్రీమియా అని రాస్తారు. 146, 147 వచ్చి మనిషి హుషారుగా తిరుగుతుంటే భయపడనక్కర్లేదు. కారణం కనుక్కుని, నీళ్ళు సరిగా తాగించి, డాక్టరు చెప్పిన రోజున మళ్ళీ పరీక్ష చేయిస్తే సరిపోతుంది. 150 దాటితే జాగ్రత్త పడాలి. 160 దాటిందంటే ప్రాణానికే ముప్పు. అంకె ఎంతో చూడటంతో పాటు ఎంత తొందరగా పెరిగిందో కూడా చూడాలి. వారం రోజులు మెల్లగా పెరిగిన 155 కన్నా, ఒక్క పూటలో పెరిగిన 155 మనిషిని ఎక్కువ కుదిపేస్తుంది.

ఒక్కోసారి అంకె తప్పు కూడా కావచ్చు. సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం తీస్తే, ఆ సెలైన్‌లోని ఉప్పు కలిసి సోడియం లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. మనిషి బాగానే ఉండి అంకె మాత్రం విపరీతంగా ఉంటే, రెండో చేతి నుంచి రక్తం తీసి మళ్ళీ పరీక్ష చేయిస్తాం. అందుకే ఒక్క కాగితం చూసి గుండెలు బాదుకోవద్దు. అలాగని ఆ కాగితాన్ని మడిచి బీరువాలో కూడా పెట్టవద్దు.

మన ఒంట్లో ఈ పాళ్ళు తప్పకుండా కాపాడటానికి ఇద్దరు కావలివాళ్ళు ఉన్నారు. మొదటిది దాహం. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, మెదడు అడుగుభాగంలో ఉన్న హైపోథలమస్ అనే చోట గంట మోగుతుంది. నోరు ఎండుతుంది, కాళ్ళు నీళ్ళకుండ వైపు నడుస్తాయి. రెండోది వాసోప్రెసిన్ అనే హార్మోను. మెదడు కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి నుంచి అది రక్తంలోకి వచ్చి, మూత్రపిండాలకు "నీళ్ళు పారబోయకండి" అని కబురందిస్తుంది. అప్పుడు మూత్రం తక్కువగా, ముదురు పసుపు రంగులో వస్తుంది. ఎండలో పనిచేసి వచ్చిన రోజు మీరు గమనించే ఉంటారు.

ఈ ఇద్దరిలో దాహమే బలమైన కావలి. దాహం తెలిసి, లేచి వెళ్ళి నీళ్ళు తాగగలిగిన మనిషికి సోడియం ప్రమాదకరంగా పెరగడం చాలా అరుదు. మిరపచేలో కూలికి వెళ్ళే మనిషి రోజంతా చెమట కక్కుతాడు. అయినా సీసాలో నీళ్ళున్నంతసేపూ అతని సోడియం హద్దులోనే ఉంటుంది. మరి ఎవరికి పెరుగుతుంది? దాహం తెలియనివారికి. తెలిసినా చెప్పలేనివారికి. చెప్పినా ఎవరో ఒకరు అందిస్తే తప్ప తాగలేనివారికి. అంటే పక్షవాతం వచ్చి మంచాన పడ్డవారు, మతిమరుపు జబ్బు ఉన్న పెద్దలు, ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారు, స్పృహలో లేనివారు, పాలు తాగే పసిబిడ్డలు. ఈ జబ్బు ఎక్కువగా ఎవరిని పట్టుకుంటుందో చూస్తే, వాళ్ళందరూ మరొకరి చేతి మీద ఆధారపడినవారే.

వయసు పైబడితే దాహమే మందగిస్తుంది. ఇది చాలామందికి తెలియదు. 1984లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధులను, కొందరు యువకులను 24 గంటలు నీళ్ళు లేకుండా ఉంచి చూశారు. వృద్ధుల రక్తం చిక్కబడింది. అయినా వారికి యువకులకు వేసినంత దాహం వేయలేదు, తర్వాత నీళ్ళు ఎదురుగా పెట్టినా తక్కువే తాగారు. దానికి తోడు వయసుతో మూత్రపిండాలకు నీటిని దాచుకునే శక్తి తగ్గుతుంది, ఒంట్లో ఉండే నీటి నిల్వ కూడా తగ్గుతుంది. అందుకే "నాకు దాహం లేదురా" అని అమ్మ అంటే, "సరే" అని గ్లాసు వెనక్కి తీసుకుపోకండి. ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆవిడ ఒంట్లో దాహం గంట పాతబడిపోయింది.

సోడియం పెరిగితే ఒంట్లో ఏ భాగం ఎక్కువ దెబ్బ తింటుంది? మెదడు. మళ్ళీ మన ఇళ్ళలో చూసే సంగతే చెబుతాను. మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో వేస్తాం. మూడో రోజుకు ఊట దిగి, ముక్క వడలిపోయి ఉంటుంది. ముక్క చుట్టూ ఉన్న ఉప్పు, లోపలి నీటిని బయటికి లాగేసింది. రక్తంలో ఉప్పు పాళ్ళు పెరిగినప్పుడు మెదడు కణాలకు జరిగేది ఇదే. నీళ్ళు బయటికి పోయి కణాలు ముడుచుకుంటాయి. మొదట చిరాకు, నీరసం, నిద్రమత్తు. తర్వాత తికమక, సంబంధం లేని మాటలు, కండరాలు అదరడం. ఇంకా పెరిగితే ఫిట్స్, స్పృహ తప్పడం. మరీ వేగంగా ముడుచుకుంటే, మెదడుకూ పుర్రెకూ మధ్య ఉండే సన్నని రక్తనాళాలు సాగి తెగి, లోపల రక్తస్రావం కూడా కావచ్చు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పెద్దవాళ్ళు ఉన్నట్టుండి మగతగా ఉంటే, "వయసైపోయింది కదా" అని వదిలేసే అలవాటు మన ఇళ్ళలో ఉంది. నిన్నటిదాకా పేర్లు పెట్టి పిలిచిన మనిషి ఇవాళ పిలవలేకపోతే అది వయసు కాదండీ. వయసు ఒక్క రోజులో పెరగదు. అది జబ్బు. సోడియం పెరిగి ఉండవచ్చు, తగ్గి ఉండవచ్చు, షుగరు పడిపోయి ఉండవచ్చు, పక్షవాతం కావచ్చు. ఏదైనా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. 108కి ఫోను చేయండి.

నీళ్ళు పోవడానికి ఇంకా కొన్ని దారులున్నాయి. వాంతులు, విరేచనాలు. జ్వరం. మంట తగిలి ఒళ్ళు కాలడం. వడగాలులు. 2015 మే నెలలో వచ్చిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారని అప్పటి ప్రభుత్వ లెక్కలు చెప్పాయి. రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం పేర్లు వింటేనే మనకు ఎండ గుర్తొస్తుంది. అలాంటి ఎండల్లో ఇంట్లోనే ఉన్న ముసలివారికి కూడా ఒంట్లో నీరు ఇగిరిపోతుంది.

షుగరు అదుపులో లేకపోవడం మరో పెద్ద దారి. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటితే అది మూత్రంలోకి దిగుతుంది. దిగుతూ తనతో పాటు నీటిని లాక్కుపోతుంది. మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం అందుకే. అలా పోయిన నీళ్ళు తిరిగి తాగకపోతే షుగరు, సోడియం రెండూ కలిసి మనిషిని కోమాలోకి నెడతాయి. ఇంకో చిక్కు ఉంది. షుగరు విపరీతంగా ఉన్నప్పుడు సోడియం కాగితం మీద అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. 500 షుగరుతో 145 సోడియం వచ్చిందంటే అది మామూలు కాదు. అందుకే మేము ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చదువుతాం.

ఒంట్లో నీరు తీసే మాత్రలు, మానసిక వైద్యంలో వాడే లిథియం, కాలేయ రోగులకు విరేచనం కావడానికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్ కూడా కొందరిలో సోడియాన్ని పెంచుతాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. చీటీ కన్నా సంచి నయం. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపేయవద్దు.

అరుదైన జబ్బు ఒకటుంది. ఇందాక చెప్పిన వాసోప్రెసిన్ ఊరకపోయినా, ఊరినా మూత్రపిండాలు దాని మాట వినకపోయినా, రోజుకు మూడు లీటర్లకు మించి, కొందరికి పది లీటర్ల దాకా నీళ్ళలాంటి మూత్రం పోతుంది. డయాబెటిస్ ఇన్సిపిడస్ అని దానికి పాత పేరు. షుగరు జబ్బుతో పొరబడుతున్నారని 2022లో పేరు కూడా మార్చారు. ఒంట్లో నీళ్ళు లేనప్పుడు మూత్రం చిక్కగా రావాలి. సోడియం ఎక్కువగా ఉండి, మూత్రం తెల్లగా, ధారాళంగా పోతోందంటే మాకు ఈ అనుమానం వస్తుంది. అందుకే రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్షకు పంపిస్తాం.

అయితే నిజంగా ఉప్పు వల్లనే సోడియం పెరిగే సందర్భాలు లేవా అంటే, ఉన్నాయి. తక్కువే, కానీ వాటిలో కొన్ని మన చేతులారా జరుగుతాయి. అందుకే అవి వివరంగా చెబుతాను.

మొదటిది, ఓఆర్‌ఎస్ కలపడం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో, బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరాతో జనం చనిపోతుంటే, సెలైన్ బాటిళ్ళు అయిపోయాయి. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. ఆయన కన్నుమూశాక 2023లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. అంత గొప్ప మందు కూడా కొలత తప్పితే హాని చేస్తుంది. పెద్ద ప్యాకెట్టును సరిగ్గా ఒక లీటరు నీళ్ళలో కలపాలి. అలా కలిపితే లీటరుకు 75 మిల్లీమోల్స్ సోడియం ఉంటుంది. "బిడ్డ లీటరు తాగడు కదా" అని అదే ప్యాకెట్టును ఒక గ్లాసులో, అంటే 200 మిల్లీలీటర్లలో కలిపితే, అది అయిదింతలై 375 అవుతుంది. మందు అనుకుని ఇచ్చింది సోడియాన్ని పైకి తోస్తుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి. కాబట్టి ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్ళని రాసి ఉందో చదివి, కొలిచి పోయండి. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు నీళ్ళకు ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. చెంచాలు తలగొట్టి కొలవాలి, గోపురం కట్టకూడదు.

ఓఆర్‌ఎస్ అని పేరు పెట్టుకుని అట్టపెట్టెల్లో అమ్ముతూ వచ్చిన తీపి పానీయాలు వేరు. వాటిలో పంచదార ఎక్కువ. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు అవి పోస్తే పేగుల్లోకి ఇంకా నీరు లాగి, విరేచనాలు ఎక్కువ చేస్తాయి. హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, సరైన పాళ్ళు లేని పానీయాలు ఆ పేరు పెట్టుకోరాదని ఆదేశించింది. మందుల షాపులో అడిగేటప్పుడు, ప్రపంచ ఆరోగ్య సంస్థ పాళ్ళు ఉన్న ప్యాకెట్టే ఇమ్మని అడగండి.

రెండోది, పురుగుల మందు తాగినవారికి ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం. పల్లెల్లో ఇది ఇంకా జరుగుతోంది. దయచేసి చేయకండి. వాంతి అయ్యేటప్పుడు మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. వాంతి కాకపోతే, తాగించిన ఉప్పంతా రక్తంలోకి చేరుతుంది. లెక్క చూడండి. పది కిలోల బిడ్డ కడుపులోకి ఒక చిన్న చెంచా ఉప్పు పోయిందంటే, శరీరం దాన్ని బయటికి పంపేలోపు సోడియం 15 దాకా పెరగగలదు. అంటే 140 ఉన్నది 155 అవుతుంది. ఒక్క చెంచా. పురుగుల మందు విషయంలో మీరు చేయవలసింది, డబ్బా కూడా చేత పట్టుకుని మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చడమే.

ఇక పసిబిడ్డల సంగతి. కాన్పయిన మొదటి వారంలో తల్లికి పాలు సరిగా పడకపోతే, లేదా బిడ్డ రొమ్ము సరిగా పట్టకపోతే, ముఖ్యంగా వేసవిలో, బిడ్డకు సోడియం పెరగవచ్చు. బిడ్డ ఏడవడు. పడుకునే ఉంటాడు. "మా బాబు బుద్ధిమంతుడండీ, పాలకు కూడా లేపడు" అని మురిసిపోతారు. ఆ మాట వింటే నాకు భయం వేస్తుంది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో కొంత బరువు తగ్గడం మామూలే. పుట్టినప్పటి బరువులో పదోవంతు కన్నా ఎక్కువ తగ్గితే మాత్రం వెంటనే చూపించాలి. అయిదారు రోజుల బిడ్డ రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోయాలి. పోయకపోతే, ఒళ్ళు వెచ్చబడితే, పచ్చబడితే ఆలస్యం చేయవద్దు. దీనికి విరుగుడు నీళ్ళు పట్టడం కాదని బాలింత ఇంట్లోవాళ్ళు గుర్తుంచుకోవాలి. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలే నీళ్ళు. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలివ్వాలి. రొమ్ము ఎలా పట్టించాలో నర్సమ్మ చేత, ఆశా కార్యకర్త చేత దగ్గరుండి నేర్పించుకోవాలి.

ఇప్పుడు వైద్యం గురించి. మన ఊళ్ళలో ఆసుపత్రికి వస్తూనే అడిగే మాట, "సెలైన్ ఎక్కించండి". ఎక్కించాక, "ఇంకో బాటిల్ పెట్టండి, తొందరగా లేస్తారు". మామూలు సెలైన్ లీటరులో 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. దానిలో సోడియం 154. బీపీ పడిపోయి ఉంటే ముందు అదే పెట్టి రక్తప్రసరణ నిలబెడతాం. ఆ తర్వాత ఉప్పు తక్కువ ఉన్న ద్రవాలకు, గ్లూకోజు నీళ్ళకు మారతాం. పేగులు బాగుంటే గొట్టం ద్వారా మామూలు మంచినీళ్ళే పోస్తాం. అన్ని మందులకన్నా అదే మంచి మందు.

ఆ పెద్దావిడ బరువు 50 కిలోలు. లెక్కవేస్తే సుమారు మూడున్నర లీటర్ల నీళ్ళు తక్కువయ్యాయి. "మూడున్నర లీటర్లే కదండీ, ఈ పూటే ఎక్కించేయండి" అన్నాడు కొడుకు. ఆ తొందరలో ప్రేమే ఉంది. కానీ అలా చేస్తే ప్రమాదం. సోడియం రెండు మూడు రోజులు ఎక్కువగా ఉంటే మెదడు కణాలు ఊరుకోవు. వాటంతట అవే కొన్ని పదార్థాలు పోగుచేసుకుని, ఉన్న నీటిని పట్టుకుని కూర్చుంటాయి. అప్పుడు మనం ఒక్కసారిగా రక్తాన్ని పల్చన చేస్తే, ఆ కణాలు నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. శనగలు ఉబ్బితే గిన్నె మారుస్తాం. పుర్రెను మార్చలేం కదా. మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి, ప్రాణం పోవచ్చు. అందుకే మెల్లగా పెరిగిన సోడియాన్ని మెల్లగానే దించుతాం. మామూలుగా రోజుకు 10 నుంచి 12 కన్నా ఎక్కువ దించకుండా చూసుకుంటాం. మాటిమాటికీ రక్తం తీసి పరీక్ష చేసేది అందుకే. డబ్బు కోసం పరీక్షలు రాస్తున్నారని అనుకోవద్దు. ఈ జబ్బులో పరీక్ష లేకుండా వైద్యం చేయడమంటే చీకట్లో బండి తోలడమే.

మరి కూరల్లో ఉప్పు తగ్గించాలా, అక్కర్లేదా? తగ్గించాలి. అది వేరే కారణానికి. తిన్న ఉప్పు ఎక్కువైతే దాహం వేసి నీళ్ళు తాగుతాం, సోడియం అంకె మామూలుగానే ఉంటుంది. కానీ ఒంట్లో నీరు, ఉప్పు రెండూ కలిసి పెరిగి బీపీ పెరుగుతుంది. సోడియం 140 ఉంది కదా అని ఆవకాయ ముద్ద మీద ముద్ద కలపవద్దు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పచ్చళ్ళు, అప్పడాలు, ఊరమిరపకాయలు, నిల్వ తినుబండారాలు అన్నీ ఆ చెంచాలోకే లెక్క. అలాగే సోడియం పెరిగిందని కాగితం వస్తే, ఉప్పు పూర్తిగా మాన్పించి అదే వైద్యమనుకుని కూర్చోవద్దు. నీళ్ళ సంగతి చూడండి. నీళ్ళు మంచివన్నారు కదా అని బిందెలు తాగించడమూ తప్పే. మన పెద్దవాళ్ళలో సోడియం పెరగడం కన్నా తగ్గిపోవడమే ఎక్కువగా చూస్తాం. గుండె బలహీనంగా ఉన్నవారు, కిడ్నీ జబ్బు ఉన్నవారు రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో వారి డాక్టరే చెప్పాలి.

అలాంటి జబ్బులు లేని పెద్దవారికి మామూలు రోజుల్లో లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా తాగే పదార్థాలు అందాలి. మంచినీళ్ళు, పల్చని మజ్జిగ, రాగి జావ, గంజి, కాఫీ, టీ అన్నీ దీనిలోకే వస్తాయి. వేసవిలో, జ్వరంలో ఇంకా ఎక్కువ కావాలి. ఎన్ని తాగారో తెలియాలంటే సులువైన పద్ధతి ఒకటుంది. పొద్దున్నే ఒక లీటరు సీసా నింపి వారి మంచం పక్కన పెట్టండి. సాయంత్రానికి ఎంత మిగిలిందో చూడండి. కంటికి కనిపించే లెక్క అది. ఒకేసారి పెద్ద గ్లాసు ఇస్తే వద్దంటారు. గంటకో చిన్న గ్లాసు ఇవ్వండి. రాత్రి లేవడం భయమైతే, ఎక్కువ నీళ్ళు సాయంత్రం ఆరు లోపే తాగించండి, మంచం పక్కన చిన్న దీపం పెట్టండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. పడతామన్న భయం పోతే వారే తాగుతారు. ముక్కు గొట్టం ఉన్నవారికి పాలు, జావ పోసిన ప్రతిసారీ డాక్టరు చెప్పిన కొలతలో మంచినీళ్ళు కూడా పోయాలి. చిక్కని ఆహారం పోసి నీళ్ళు మరిచిపోవడం వల్ల సోడియం పెరిగిన రోగులను నేను చాలామందిని చూశాను. పక్షవాతం వల్ల మింగడం కష్టమైనవారికి మాత్రం బలవంతంగా నీళ్ళు పోయకండి, పొలమారుతుంది. ఎలా పట్టాలో డాక్టరును అడిగి నేర్చుకోండి.

ఆ పెద్దావిడ సంగతి చెప్పి ముగిస్తాను. 162 ఉన్న సోడియం మర్నాటికి 153 అయింది. మూడో రోజు 146. నాలుగో రోజు పొద్దున 141. ఆ రోజు నేను వార్డులోకి వెళ్ళేసరికి కళ్ళు తెరిచి ఉన్నారు. కోడలు చెంచాతో నీళ్ళు పడుతుంటే, "చెంబుతో ఇవ్వవే" అన్నారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయికి నేను పెద్ద మందుల చీటీ ఏమీ రాయలేదు. మామ్మగారి మంచం పక్కన చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక స్టూలు, దాని మీద మూత పెట్టిన చెంబు ఉండాలని చెప్పాను. చప్పిడి కూర వండిపెట్టినంత శ్రద్ధా ఆ చెంబు నింపడంలో కూడా పెట్టమన్నాను.

మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, మంచాన ఉన్నవాళ్ళుంటే, ఈ ప్రసంగం అయిపోగానే ఒక్కసారి లేచి చూడండి. వారి చేతికి అందేంత దూరంలో నీళ్ళున్నాయా? లేకపోతే ఇప్పుడే పెట్టండి. మొదటి గ్లాసు మీ చేత్తో తాగించండి.